జీవన ఎరువుల ప్యాకెట్: దేవరకొండ చెల్కలో మూడు వానకాలాలు వాడి చూశాక

రైజోబియం అనే జీవన ఎరువు ప్యాకెట్ విప్పితే కనిపించేది 200 గ్రాముల నల్లని పొడి. అది ఉత్త బొగ్గుపొడి కాదు, మట్టి కాదు. వేళ్ల మధ్య నలిపితే కొంచెం తేమ తగులుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరికి తడిసిన దుక్కి వాసన వస్తుంది. పొడి ఎండి గాలికి లేస్తున్నా, పులిసిన వాసన వస్తున్నా దానిని కొనకపోవడమే మంచిదని నేను మొదటి ఏడాది డబ్బుతో పాటు ఒక పంటకాలం పోగొట్టుకుని నేర్చుకున్నాను. దేవరకొండ వైపు నాకు ఐదెకరాల భూమి ఉంది. అందులో మూడెకరాలు ఎర్ర చెల్క, ఎకరంన్నర రేగడి, బోరు కింద ఇరవై గుంటల మడి. ఈ మూడు రకాల నేలల్లోనూ గత మూడు వానకాలాలు, మధ్యలో రెండు యాసంగులు జీవన ఎరువులను వాడి చూశాను. ఏది పనిచేసింది, ఏది చేయలేదు, దేనికి డబ్బు పెట్టవచ్చు అన్నది చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా ఇది ఏ సరుకో తెలియాలి, ఎందుకంటే మన దుకాణాల్లో ‘బయో’ అని రాసి ఉన్న ప్రతి సీసానూ ఒకే గాటన కట్టి అమ్ముతున్నారు. జీవన ఎరువు అంటే బతికి ఉన్న సూక్ష్మజీవులను లిగ్నైట్ బొగ్గు వంటి పొడిలో గానీ ద్రవంలో గానీ నిలవ ఉంచిన సరుకు. పప్పుజాతి పంటల వేళ్లలో చేరి, అక్కడ ఏర్పడే బుడిపెల్లో ఉంటూ గాలిలోని నత్రజనిని మొక్కకు అందించేది రైజోబియం. వరి, జొన్న వంటి వాటి వేళ్ల చుట్టూ ఉండి కొంత నత్రజనిని ఇచ్చేది అజోస్పైరిల్లం. నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని సేంద్రియ ఆమ్లాలతో కరిగించేది పీఎస్‌బీ, అంటే ఫాస్ఫేటు కరిగించే బ్యాక్టీరియా. 2006లో ఇవి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. ఆ ప్రమాణం ప్రకారం పొడి గ్రాముకు కనీసం 5 కోట్ల, ద్రవం మిల్లీలీటరుకు కనీసం 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. సముద్రపు నాచు రసం, హ్యూమిక్ ఆమ్లం వంటివి జీవ ఉత్తేజకాల కోవకు చెందుతాయి. వాటికి 2021లో వేరే నిబంధనలు వచ్చాయి. దుకాణదారు ఆ సీసాను చూపించి ‘ఇదీ అదే సార్’ అంటే నమ్మవలసిన పని లేదు. లేబుల్ మీద సూక్ష్మజీవి పేరు, కణాల సంఖ్య, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, ఏ పంటకో ఆ పేరు ఉన్నాయా అని చూడడం ఒక నిమిషం పని.

మొదటి వానకాలం నేను ఆ నిమిషం వెచ్చించలేదు. జూన్ మొదటి వారంలో విత్తనాల కోసం పట్నానికి వెళ్లి, ఒక దుకాణంలో కంది విత్తనంతో పాటే మూడు రైజోబియం ప్యాకెట్లు తీసుకున్నాను. అవి రేకుల కప్పుకు మూరెడు కింద, పై అరలో, పురుగుమందుల డబ్బాల పక్కన ఉన్నాయి. మే నెల ఎండలన్నీ అవి అక్కడే కాచి ఉండాలి. మన వైపు ఆ నెలలో నీడలోనే నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు మామూలు, రేకుల కింద ఇంకెంతో చెప్పనక్కరలేదు. ఇంటికి వచ్చాక చూస్తే ధర చీటీని తయారీ తేదీ మీద అతికించారు. గోటితో గీకితే కింద కిందటి నవంబరు కనబడింది. పొడి రూపంలోని జీవన ఎరువుకు సాధారణంగా ఆరు నెలలే గడువు. తప్పంతా దుకాణం మీదకే నెట్టడం న్యాయం కాదు. వాన ఆలస్యమైతే నేను కూడా ఆ ప్యాకెట్లను మరో పది రోజులు పశువుల కొట్టం అటక మీద పడేశాను. ఫలితం ఊహించదగినదే. నలభై రోజులకు వేళ్లు తవ్వి చూస్తే ప్యాకెట్ పట్టించిన సాళ్లకూ, పట్టించని సాళ్లకూ తేడా లేదు. ఆ ఏడాది నేను విత్తనానికి పట్టించింది చచ్చిన సూక్ష్మజీవులున్న బొగ్గుపొడి మాత్రమే.

రెండో ఏడాది దుకాణానికి వెళ్లకుండా ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి వెళ్లి, ఆ నెలలోనే తయారైన ప్యాకెట్లను తెచ్చుకున్నాను. ఒక్కొక్కటి నలభై రూపాయలు పడింది. వాటిని తడి గోనెసంచిలో చుట్టి బస్సులో నీడ వైపు కూర్చుని తెచ్చాను, ఇంట్లో రంజను పక్కన తడి ఇసుకలో పెట్టాను. మా ఆవిడ వాటిని చూసి ‘చంటిపిల్లలకు కూడా ఇంత చేయలేదు మీరు’ అన్నది. చేయవలసింది అంతే మరి, వేరే ఖర్చు లేదు.

విత్తనానికి పట్టించే పద్ధతిని వ్యవసాయ అధికారులు చెప్పేదానికి నా అనుభవం జోడించి కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే నా లెక్కలో సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి పది నిమిషాలు మరగనిచ్చి, వేలు పెడితే వెచ్చదనం కూడా తెలియనంతగా చల్లార్చాలి. వేడిగా ఉన్నప్పుడే తొందరపడి పోస్తే ప్యాకెట్‌లోని జీవాలు చస్తాయి. ఎకరాకు మూడు కిలోల కంది చాలు కాబట్టి ఆ నీళ్లలో సగం కూడా పట్టలేదు. గింజల మీద చిలకరించి, రెండు చేతులతో మెల్లగా కలిపి, గింజ మెరిసేంత తడి కాగానే పొడి చల్లి మళ్లీ కలపాలి. గింజ చుట్టూ పలచని నల్లటి పూత వచ్చి, గింజకూ గింజకూ అంటుకోకుండా విడివిడిగా ఉంటే సరిగ్గా కుదిరినట్టు. నీళ్లు ఎక్కువైతే ముద్దలవుతుంది. పల్లికాయ గింజలైతే పైపొర ఊడిపోతుంది, అందువల్ల వాటిని మరింత సున్నితంగా కలపాలి. తరువాత చింతచెట్టు నీడలో గోనె మీద అరగంట ఆరబెట్టి, అదే పూట విత్తుకోవాలి. బెల్లం వాసనకు చీమలు వరుస కట్టిన సంగతి ఏ కరపత్రంలోనూ రాయలేదు. గోనె చుట్టూ బూడిద పోసి వాటిని ఆపాను. ట్రాక్టరుకు కట్టిన విత్తే యంత్రంలో పోస్తే సరిగా ఆరని గింజలు గొట్టంలో అడ్డం పడ్డాయి, మిగిలిన ఎకరంన్నర నాగటి వెంట చేత్తోనే వేయవలసి వచ్చింది. గిన్నె అడుగున మిగిలిన పొడిని పారబోయక పెంట ఎరువులో కలిపాను.

ఒక లెక్క వేసి చూశాను. గ్రాముకు 5 కోట్ల చొప్పున 200 గ్రాముల ప్యాకెట్‌లో 1,000 కోట్ల కణాలు ఉండాలి. నూరు కంది గింజలు దాదాపు పది గ్రాములు తూగుతాయి కాబట్టి మూడు కిలోలలో సుమారు 30,000 గింజలు. పొడి అంతా అంటుకుంటే గింజకు మూడు లక్షలకు పైగా కణాలు దక్కుతాయి. సగం అంటుకోకపోయినా, ఎండకు సగం చచ్చినా ఇంకా వేలల్లో మిగులుతాయి. రేకుల కింద నెలల తరబడి కాగిన ప్యాకెట్‌లో ఆ మొదటి అంకె పడిపోతుంది, అందుకే మన శ్రద్ధ ఎంత ఉన్నా తయారీ తేదీని మించిన విషయం లేదు.

శిలీంద్ర నాశిని పట్టించిన ఎర్రటి కంపెనీ విత్తనం విషయంలో జాగ్రత్త అవసరం. ముందు మందు పట్టించి, అది ఆరిన తరువాత, అన్నిటికంటే చివర జీవన ఎరువును పట్టించాలన్నది నియమం. రెండింటినీ ఒకే గిన్నెలో కలిపితే మందు బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. నేను ఇంటి విత్తనమే వాడి, మందుకు బదులు తెగులును అదుపు చేసే ట్రైకోడెర్మా అనే శిలీంద్రాన్ని పట్టించి, ఆపైన రైజోబియం వేశాను.

ఇక ఫలితం. నలభై అయిదో రోజున, వాన వెలిసిన మరునాడు గడ్డపారతో మొక్క చుట్టూ జానెడు దూరం వదిలి మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా కడిగాను. మొక్కను చేత్తో పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి, ఆ పొరపాటును మొదటి ఏడాది చేశాను. తల్లివేరు చుట్టూ మినప గింజంత బుడిపెలు కనిపించాయి. ఒకదాన్ని బొటనవేలి గోటితో చీల్చితే లోపల పచ్చి మాంసం ముక్కలా గులాబీ ఎరుపు. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థానిది, అది ఉంటేనే బుడిపె పనిచేస్తున్నట్టు. లోపల తెల్లగా గానీ ఆకుపచ్చగా గానీ ఉన్న బుడిపెలు తిండి తినేవే తప్ప పని చేసేవి కావు. ప్యాకెట్ పట్టించిన సాళ్లలో పది మొక్కలు తవ్వితే మొక్కకు సగటున పద్నాలుగు ఎర్ర బుడిపెలు, పట్టించని సాళ్లలో తొమ్మిది. తేడా ఉంది, కానీ నేను ఎదురు చూసినంత లేదు.

దానికి కారణం తరువాత తెలిసింది. కంది, పెసర, అలసంద, పల్లికాయ వంటి పంటలకు దాదాపు ఒకే కుటుంబానికి చెందిన రైజోబియం సరిపోతుంది, మా చెల్కలో తాతల కాలం నుంచి ఆ పంటలు పండుతున్నాయి కాబట్టి ఆ బ్యాక్టీరియా నేలలో ముందే ఉంది. ఏటా కందో పెసరో వేసే చేనులో ప్యాకెట్ అదనంగా చేసేది కొంతే. అసలు పని ఎక్కడ కనబడిందంటే రేగడిలో. ఆ ఎకరంన్నరలో ఏళ్ల తరబడి పత్తి తప్ప మరొకటి వేయలేదు. యాసంగిలో మొదటిసారి శనగ వేశాను. శనగకు కావలసిన రైజోబియం వేరు. కంది ప్యాకెట్ దానికి పనికిరాదు. ఒక దుకాణదారు ‘రెండూ పప్పుజాతే కదా సార్’ అని కంది ప్యాకెట్‌నే అంటగట్టబోయాడు. శనగకు అని స్పష్టంగా రాసి ఉన్నది వెతికి తెచ్చి పట్టించిన సాళ్లలో మొక్కకు పదిహేనుకు తగ్గకుండా గుత్తులుగా బుడిపెలు వచ్చాయి, పట్టించకుండా వదిలిన నాలుగు సాళ్లలో రెండు, మూడు మొక్కలకు మించి బుడిపె కనబడలేదు. ఆ నాలుగు సాళ్ల ఆకు గట్టు మీద నుంచి చూసినా లేత పసుపుగా తెలిసిపోయింది. నాకు ఈ సరుకు మీద నమ్మకం కుదిరింది అక్కడే. అదే గట్టు అవతల మా దాయాది చిన్నాయన శనగకు ప్యాకెట్ పట్టించి, పై నుంచి బస్తా యూరియా కూడా చల్లాడు. నేలలో నత్రజని తేరగా దొరికితే మొక్క బుడిపెలు పెట్టదు. ఆయన మొక్క నా మొక్క కంటే ఏపుగా పెరిగింది, వేరు మాత్రం నున్నగా ఉంది. ‘నా దగ్గర సరుకు పనిచెయ్యలేదురా’ అన్నాడు. పనిచేయనివ్వలేదని చెప్పడానికి వయసు అడ్డొచ్చింది.

దిగుబడి సంగతికి వస్తే, చెల్కలో కంది పట్టించిన వైపు ఎకరాకు ఐదు క్వింటాళ్లు, పట్టించని వైపు నాలుగు క్వింటాళ్ల అరవై కిలోలు వచ్చింది. నలభై కిలోల కందికి ఏ ధర కట్టినా నలభై రూపాయల ప్యాకెట్ ముందు అది చాలా ఎక్కువ. అయితే పట్టించిన వైపు కొంచెం పల్లం, పదును ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ నలభై కిలోలనూ ప్యాకెట్ ఖాతాలోనే రాస్తే అది అబద్ధమవుతుంది.

పీఎస్‌బీ విషయంలో నా అభిప్రాయం ఇంకా మిశ్రమంగానే ఉంది. రెండు కిలోల పొడిని యాభై కిలోల మాగిన పెంట ఎరువులో కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనె కప్పి వారం ఉంచి, ఆఖరి దుక్కిలో చల్లాను. కందికి ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం సిఫారసు. ఒక బస్తా డీఏపీలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి కాబట్టి అందరం కళ్లు మూసుకుని ఎకరాకు బస్తా వేస్తాం. నా మట్టి పరీక్షలో భాస్వరం ‘ఎక్కువ’ అని వచ్చింది. ఏటేటా వేసిన డీఏపీలో మొక్క తీసుకోగా మిగిలింది ఎర్రనేలలో ఇనుముతో, అల్యూమినియంతో, సున్నం ఎక్కువ ఉన్న రేగడిలో కాల్షియంతో బిగుసుకుని అక్కడే ఉండిపోతుంది. దాన్ని కరిగించి ఇవ్వడమే పీఎస్‌బీ పని. డీఏపీని సగం బస్తాకు తగ్గించి పీఎస్‌బీ వేసిన చోట పంట ఏమాత్రం తగ్గలేదు. ఇక్కడ ఆపితే పొగడ్తతో ముగించవచ్చు. కానీ పరీక్ష కోసం పీఎస్‌బీ లేకుండా సగం బస్తా మాత్రమే వేసి వదిలిన పది గుంటల్లో కూడా పంట తగ్గలేదు. అంటే నా చేనులో డీఏపీ తగ్గించే ధైర్యం ఇచ్చింది మట్టి పరీక్ష చీటీయే, పీఎస్‌బీ అందులో ఎంత వాటా పంచుకుందో ఒకటి రెండు పంటలతో తేలదు. మట్టి పరీక్ష చేయించకుండా పీఎస్‌బీ కొనేవారు ఈ వరుసను తిరగేసి చేసుకుంటున్నట్టే.

మడిలో అజోస్పైరిల్లం నన్ను నిరాశపరిచింది. నాటు రోజున టబ్బులో నల్లనీళ్లు కలిపి, నారు కట్టల వేళ్లను పది నిమిషాలు ముంచి ఇచ్చాను. నాటు వేసే ఆడవాళ్లకు అది పని అడ్డమైంది. ‘గీ నల్లనీళ్లల్ల ముంచితె వడ్లు ఎక్కువొస్తయా సారూ, మా చేతులు మాత్రం నల్లగైతున్నయి’ అని ఒకామె నవ్వింది. కోతకు వచ్చేసరికి రెండు మడులకూ తేడా నా కంటికి కనబడలేదు, కాటాకు కూడా తెలియలేదు. రైజోబియంలా ఇది వేరు లోపల ఇల్లు కట్టుకోదు, ఇచ్చే నత్రజని కొద్దిపాటిదే. అందులో మేమందరం యూరియాను అలవాటు కొద్దీ నిండుగా చల్లుతాం. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతున్నంత కాలం వరిలో దీన్ని నమ్మి బస్తా తగ్గించే రైతు అరుదు. మా బావ బత్తాయి తోటలో వేరుకుళ్లుకు ట్రైకోడెర్మాను వేపపిండి, పెంట ఎరువుతో కలిపి పాదుల్లో వేస్తున్నాడు, తోట బాగానే ఉంది. అయితే అది తెగులును అదుపు చేసే శిలీంద్రం, ఎరువు కాదు కాబట్టి దానికి ఇక్కడ మార్కులు వేయను.

మూడో వానకాలం పొడికి బదులు ద్రవరూపంలోని రైజోబియం వాడాను. అరలీటరు సీసా నాకు రెండు వందల రూపాయలకు పైగా పడింది. ఖరీదు ఎక్కువే కానీ గడువు ఏడాది, వేడిని పొడి కంటే మెరుగ్గా తట్టుకుంటుంది, గింజకు పూత సమానంగా పడుతుంది, యంత్రంలో అడ్డం పడదు, చీమల బెడద కూడా లేదు. వేళ్లు తవ్వి చూస్తే బుడిపెల సంఖ్యలో కిందటేటి తాజా పొడికీ దీనికీ పెద్ద తేడా లేదు. అందువల్ల పరిశోధనా కేంద్రం దగ్గరలో ఉండి తాజా పొడి దొరికేవారికి పొడి చాలు. దూరపు దుకాణాల మీద ఆధారపడేవారు ద్రవానికే డబ్బు పెట్టడం మేలు. మన వైపు పాలెం, కంపాసాగర్, గడ్డిపల్లి, మదనాపురం కేంద్రాల్లో ఏది దగ్గరైతే దానికి తొలకరికి నెల ముందే ఫోను చేసి, సరుకు ఎక్కడ దొరుకుతుందో అడగడం మంచిది; మృగశిర కార్తె వచ్చాక అడిగితే అందరూ ఒకేసారి పడతారు.

ఇది కొత్త వింత అనుకునేవారి కోసం ఒక ముక్క. బుడిపెల్లోని బ్యాక్టీరియాను నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైయెరింక్ 1888లో వేరు చేశాడు. 1896 నాటికే జర్మనీలో నోబె, హిల్ట్‌నర్ అనేవారు దానికి పేటెంటు తీసుకుని ‘నైట్రాజిన్’ పేరుతో అమ్మకానికి పెట్టారు. గాలి నుంచి కృత్రిమంగా నత్రజని ఎరువుకు కావలసిన అమ్మోనియా తీసే మొదటి కర్మాగారం జర్మనీలోని ఓప్పావులో 1913లో గానీ మొదలు కాలేదు. అంటే మనం పాత పద్ధతి అనుకుంటున్న యూరియా కంటే ఈ ‘కొత్త’ సరుకే వయసులో పెద్దది.

నా మార్కులు ఇలా ఉన్నాయి: కొత్తగా పప్పుజాతి పంట వేసే నేలలో, సరైన పంటకు సరైన రైజోబియంకు ఐదుకు నాలుగున్నర; ఏటా కంది పండే చెల్కలో దానికే మూడు; పీఎస్‌బీకి మూడు, అదీ మట్టి పరీక్ష చేతిలో ఉంటే; మడిలో అజోస్పైరిల్లంకు ఒకటిన్నర. ఎండలో నిలవ ఉంచి తేదీ మీద చీటీ అతికించి అమ్మే దుకాణాల సరుకుకు సున్నా కూడా ఎక్కువే. ఈ తొలకరికి రెండు సీసాల ద్రవ రైజోబియంకు ముందే చెప్పి ఉంచాను, ఈ ఏడాది కందిని చెల్క నుంచి తీసి పత్తి చేనులోకి మారుస్తున్నాను. అందులోనూ నాలుగు సాళ్లు పట్టించకుండా వదులుతాను, గడ్డపార ఎటూ ఇంట్లోనే ఉంది.